కలంతో గజేంద్ర మోక్షం: గాడా బట్ట మీద ఒక పురాణ ఘట్టం రాయడం ఎలా

శ్రీకాళహస్తి పద్ధతి కలంకారీకి బొమ్మలు గీయడం వచ్చినంత మాత్రాన సరిపోదు. కాగితం మీదయితే ఏ రంగు ఎప్పుడు కావాలంటే అప్పుడు వేసుకుంటాం. బట్ట మీద ఆ వీలుండదు. నలుపు అన్నిటికన్నా ముందు, దాని వెనక ఎరుపు, మిగతావన్నీ ఆ తరవాతే. ఎరుపు కోసం బట్టను మరిగించాలి, పేడనీళ్ళలో నానబెట్టాలి, రోజుల తరబడి తడుపుతూ ఎండబెట్టాలి. ముందే పసుపు వేసి ఉంటే ఈ మూడు పనులు అయ్యేసరికి దాని ఆనవాలు కూడా మిగలదు. అందుకే ఏ బొమ్మ ఏ రంగులో ఉండాలో బొగ్గు పట్టుకోకముందే తేల్చుకోవాలి.

మొదటిసారి రాసేవాళ్ళకు గజేంద్ర మోక్షం మంచి ఎంపిక. పాత్రలు తక్కువ, రంగులన్నీ వస్తాయి. నేపథ్యానికీ తామరలకూ ఎరుపు, విష్ణువుకు నీలం, లక్ష్మీదేవికీ నగలకూ పసుపు, మొసలికి ఆకుపచ్చ. ఏనుగు ఒక్కటే చిక్కు పెడుతుంది, దాని సంగతి కిందకు వస్తుంది. ఇక్కడ చెప్పే కొలతలన్నీ పూర్తయ్యాక సుమారు 110 సెంటీమీటర్ల పొడవు, 85 సెంటీమీటర్ల వెడల్పు వచ్చే పటానికి.

కసిం కుండ ముందు పెట్టండి

కసిం అంటే ఇనుము, బెల్లం పులియబెట్టి చేసే నల్లరంగు. అది తయారవడానికి పదిహేను నుంచి ఇరవై రోజులు పడుతుంది. కాబట్టి బట్ట కొనకముందే ఈ పని మొదలుపెట్టండి. 5 లీటర్ల నీళ్ళు పట్టే మట్టికుండలో అర కిలో తుప్పుపట్టిన ఇనప ముక్కలు (పాత మేకులు, గొలుసు ముక్కలు, లాడాలు ఏవైనా సరే), పావు కిలో నల్లబెల్లం, 100 గ్రాముల తాటిబెల్లం వేసి నీళ్ళు నింపండి. రంగు వేసిన ఇనుము, జింకుపూత ఉన్న మేకులు పనికిరావు. కుండ నోటికి పలుచని గుడ్డ కట్టండి. మూత బిగిస్తే పులిసే గాలి బయటికి పోదు.

నాలుగైదు రోజులకు నురగ వస్తుంది, పుల్లటి వాసన మొదలవుతుంది. బెల్లం పులిసి ఆమ్లంగా మారి ఇనుమును కరిగించుకుంటోందని దానర్థం. రోజుకోసారి కర్రతో కలపండి. నురగ అణిగి నీళ్ళు గోధుమరంగుకు తిరిగాక పరీక్ష చేయండి. కరక్కాయ పట్టించిన బట్ట ముక్క మీద ఒక చుక్క పెడితే మొదట అది నీళ్ళచుక్కలాగే ఉండి, నిమిషం లోపల నల్లబడాలి. బూడిదరంగు దగ్గరే ఆగిపోతే ఇంకో వారం ఉంచండి. తేరిన నీళ్ళను గుడ్డలో రెండుసార్లు వడగట్టి సీసాలో పోసుకోండి. తుప్పు నలక ఒక్కటి మిగిలినా కలం నుంచి జారి బట్ట మీద మచ్చ అవుతుంది.

ఎక్కువ నల్లగా రావాలని కసింను మరీ చిక్కగా వాడకండి. ఇనుము ఎక్కువైతే ఏళ్ళు గడిచేకొద్దీ గీత ఉన్నచోట నూలు పొడిపొడిగా రాలిపోతుంది. పాత అద్దకపు బట్టల్లో రంగులన్నీ నిలిచి నల్లగీత ఉన్నచోట మాత్రం చీలిక కనిపించేది ఇందుకే. చిక్కగా ఉందనిపిస్తే నీళ్ళు కలిపి, గీతను రెండుసార్లు రాయండి.

బట్ట

గాడా అనే ముతక నూలుబట్ట, చలవ చేయనిది, మీటరున్నర తీసుకోండి. సగం టెరీన్ కలిసిన బట్ట రంగు పట్టదు. అనుమానముంటే ఒక పోగు కాల్చి చూడండి: నూలయితే బూడిద మిగులుతుంది, వేరేదయితే గట్టి ఉండ కడుతుంది.

ముందు బట్టలోని గంజి పోవాలి. రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పొద్దున బండ మీద బాది ఉతకండి. ఆ తరవాత ఆవుపేడ కలిపిన నీళ్ళలో ఒక రోజు ఉంచి, మళ్ళీ ఉతికి ఎండలో వేయండి. గంజి పోయిందో లేదో తెలుసుకోవడానికి ఆరిన బట్ట మీద ఒక నీటిచుక్క వేయండి. చుక్క వెంటనే ఇంకిపోవాలి. ముత్యంలా నిలబడితే ఇంకోసారి ఉతకాలి. ఉతుకుల్లో బట్ట కుదించుకుపోతుంది కాబట్టి కొలిచి కత్తిరించడం ఇదంతా అయ్యాకే. చుట్టూ 5 సెంటీమీటర్లు అదనంగా వదిలి కత్తిరించండి.

కత్తిరించగా మిగిలిన బట్టలోంచి జానెడు వెడల్పు పట్టీ తీసి ఉంచండి. అసలు బట్టకు చేసే ప్రతి పనీ ఈ పట్టీకీ చేయండి. ప్రతి రంగునూ ముందు దీని మీద చూసుకుని, ఆ తరవాతే బొమ్మ మీదికి వెళ్ళాలి. ఇది లేకుండా పని మొదలుపెట్టొద్దు.

కరక్కాయ, పాలు

పిందె కరక్కాయలను గింజ తీసి దంచి, జల్లించిన పొడి 75 గ్రాములు కావాలి. కొంచెం నీళ్ళతో ముద్దగా నూరి, 350 మిల్లీలీటర్ల పచ్చి గేదెపాలు, లీటరు నీళ్ళు కలిపి వడగట్టండి. పాలు కాచకూడదు. ఆవుపాల కన్నా గేదెపాలు వాడేది వెన్న ఎక్కువని. ఆ కొవ్వు నూలు మీద పట్టి, కలం వదిలిన రంగు పోగుల వెంట పాకకుండా ఆపుతుంది. కరక్కాయలోని వగరు పదార్థం కసింలోని ఇనుముతో కలిసి నలుపు పుట్టిస్తుంది. ఒకటి గీతను నిలబెడుతుంది, ఇంకొకటి గీతకు రంగునిస్తుంది. ఏది తగ్గినా ఇబ్బందే: పాలు చాలకపోతే గీతకు వెంట్రుకలు మొలుస్తాయి, కరక్కాయ చాలకపోతే నలుపు వెలవెలబోతుంది.

పదిహేను నిమిషాలు బట్టను అందులో కలయదిప్పుతూ ఉంచి, ఇద్దరు చెరో కొస పట్టుకుని సమానంగా పిండాలి. ఒకచోట నీళ్ళు ఎక్కువ మిగిలితే అక్కడ పసుపు మరక కడుతుంది. ఎండలో పరిచే ఆరబెట్టండి. తాడు మీద వేస్తే రసం కిందికి దిగి ఒక కొస చిక్కగా, ఇంకో కొస పలచగా అవుతుంది. ఆరాక పాల వాసన వస్తుంది, చీమలు పడతాయి. మడిచి డబ్బాలో పెట్టి, వారం పది రోజుల లోపల గీత పని మొదలుపెట్టండి.

బోరునీళ్ళు వాడేవాళ్ళు ఒకటి గమనించాలి. కరక్కాయ పట్టించిన పట్టీ కొసను ఆ నీళ్ళలో ముంచి ఆరబెట్టండి. బూడిదరంగు తిరిగితే నీళ్ళలో ఇనుముంది. ఆ నీళ్ళతో ఈ పని చేయొద్దు. వాననీళ్ళో చెరువునీళ్ళో చూసుకోండి.

ఏ క్షణం రాయాలి

బొగ్గు పట్టేముందు తేల్చుకోవలసిన ముఖ్యమైన విషయం ఇదే. గజేంద్ర మోక్షం అనగానే గరుత్మంతుడి మీద కూర్చున్న విష్ణువు, చేతిలోంచి వెళ్ళిన చక్రం, తెగిన మొసలి తల గుర్తొస్తాయి. క్యాలెండర్లలో, గుడి గోడల మీద కనబడేది ఎక్కువగా ఇదే. పోతన భాగవతం చదివినవాళ్ళకు మాత్రం ఇంకో చిత్రం కళ్ళకు కడుతుంది. "సిరికిం జెప్పడు, శంఖచక్రయుగముం జేదోయి సంధింపడు" అన్న పద్యంలో విష్ణువు చేతుల్లో ఆయుధాల్లేవు, గరుత్మంతుడిని సిద్ధం చేయలేదు, చెవుల మీద పడ్డ జుట్టు సర్దుకోలేదు, పట్టుకున్న లక్ష్మీదేవి పైట కొంగును కూడా వదల్లేదు. అలాగే బయల్దేరాడు. ఆ వెంటనే వచ్చే పద్యంలో ఆయన వెనక లక్ష్మి, ఆమె వెనక అంతఃపుర స్త్రీలు, వాళ్ళ వెనక గరుత్మంతుడు, అతని పక్కన విల్లూ గదా శంఖచక్రాలూ, నారదుడు, విష్వక్సేనుడు వరసగా వస్తారు.

రాసే పనికి ఈ రెండోదే అనువు. పై ఎడమ మూల నుంచి కుడికి ఏటవాలుగా దిగే ఒక వరస దొరుకుతుంది, చూసేవాళ్ళ కన్ను ఆ వరస వెంట జారి ఏనుగు తొండం దగ్గర ఆగుతుంది. గరుడవాహనం బొమ్మలో రెక్కలే సగం జాగా తినేస్తాయి.

అయితే ఆయుధాల్లేని విష్ణువునూ, తల తెగిన మొసలినీ ఒకే గడిలో పెట్టకండి. అవి రెండు వేరు వేరు క్షణాలు. కలంకారీలో కథను గళ్ళుగా విడగొట్టడం, గడి పైన తెలుగులో ఒక పంక్తి రాయడం పాత అలవాటే. కాబట్టి పెద్ద గడిలో బయల్దేరిన విష్ణువును, మొసలి పట్టులో ఉన్న ఏనుగును పెట్టి, కింద 15 సెంటీమీటర్ల ఎత్తు పట్టీలో నాలుగు చిన్న గళ్ళు తీసుకోండి. అగస్త్యుడి శాపంతో ఇంద్రద్యుమ్నుడు ఏనుగవడం, త్రికూట పర్వతం దగ్గరి మడుగులో ఆడ ఏనుగులతో జలక్రీడ, చక్రం మొసలిని తెంచడం, మొసలి శాపం తీరి హూహూ అనే గంధర్వుడిగా నిలబడటం, ఈ నాలుగూ కుదురుతాయి.

ముందు కాగితం మీద అసలు కొలతలో గీసుకోండి. చుట్టూ 8 సెంటీమీటర్ల అంచు. నీటిమట్టం పెద్ద గడిలో కింది మూడోవంతు దగ్గర. ఏనుగు కుడివైపు, సగం నీళ్ళలో, తొండంతో తామరను పైకెత్తి. మొసలి దాని కాలు పట్టుకుని గడి అడుగున అడ్డంగా. విష్ణువు ఏనుగు కన్నా చిన్నగా కనిపించకూడదు. జాగా చాలకపోతే ఏనుగును తగ్గించండి, దేవుణ్ణి కాదు. ముఖాలు పక్కకు తిరిగి, కళ్ళు పెద్దవిగా, చెవుల దాకా సాగి ఉండాలి. నీడలు, దూరం చూపించే కుదింపులు ఈ పద్ధతిలో ఉండవు. దూరంగా ఉన్న లక్ష్మి దగ్గరగా ఉన్న విష్ణువంతే స్పష్టంగా ఉంటుంది.

కాగితం బొమ్మకు నాలుగు జిరాక్సులు తీయించండి. ఒకదాని మీద ఎర్రగా ఉండాల్సిన చోట్లు మాత్రమే నింపండి, రెండోదాని మీద నీలం, మూడోదాని మీద పసుపు, నాలుగోదాని మీద తెల్లగా వదలాల్సినవి. మొసలి నీలంలోనూ పసుపులోనూ రెండింటా కనిపించాలి. ఈ నాలుగు కాగితాలూ పని అయ్యేదాకా గోడకు అంటించి ఉంచండి.

బొగ్గు, కలం, గీత

పెన్సిలు వాడొద్దు, దాని గీత ఉతికినా పూర్తిగా పోదు. పెన్సిలు లావున్న ఎండు చింతపుల్లలను జానెడు ముక్కలు చేసి, మూతకు చిన్న చిల్లు పెట్టిన రేకుడబ్బాలో నిండుగా కూరి, అరగంట మంటలో ఉంచండి. చిల్లులోంచి పొగ ఆగిపోతే బొగ్గయినట్టే. డబ్బా పూర్తిగా చల్లారేదాకా మూత తీయకూడదు, తీస్తే గాలి తగిలి బూడిదవుతాయి. ఈ బొగ్గు గీత గుడ్డతో దులిపితే పోతుంది, కాబట్టి ఎన్నిసార్లయినా దిద్దుకోవచ్చు.

కలానికి పెన్సిలంత లావు, జానెడు పొడవున్న వెదురు పుల్ల చాలు. కొసను సూదిగా చెక్కి, మొన నుంచి మూడు సెంటీమీటర్ల పైన పాత గొంగళి ముక్కను గుడ్డులా చుట్టి నూలుదారంతో బిగించండి. ఆ ఉన్నే సిరా తొట్టి. కసింలో ముంచి, వేళ్ళతో మెల్లగా నొక్కుతూ పోతే మొనకు రంగు దిగుతుంది. మొదటి బొట్టు ఎప్పుడూ పాత గుడ్డ మీదే రాల్చండి. దారం వదులైతే రంగు ఒక్కసారిగా దిగి బొట్లు పడతాయి, మరీ బిగిస్తే అసలు దిగదు. రంగులు నింపడానికి మొన మొండిగా ఉన్న కలాలు వేరే చేసుకోండి. కసిం ముట్టిన కలాన్ని ఇంకే రంగులోనూ ముంచకూడదు. కాస్త ఇనుము చాలు, పసుపు పాచిరంగుకు తిరుగుతుంది.

బల్ల మీద దుప్పటి పరిచి, దాని మీద బట్టను ముడత లేకుండా వేయండి. కుడిచేతి వాటం ఉన్నవాళ్ళు పై ఎడమ మూల నుంచి మొదలుపెడితే తడి గీత మీద చెయ్యి పడదు. చేతి కింద పొడిగుడ్డ ఉంచండి. చెమట బట్టకు అంటితే అక్కడ రంగు సరిగ్గా పట్టదు. ముఖాలను మొదట రాయకండి. అంచులో పది పదిహేను పువ్వులు రాసేసరికి ఆ రోజు కసిం ఎంత పలచగా ఉంది, ఉన్ని ఎంత వదులుతోందీ చేతికి తెలుస్తుంది. అప్పుడు ముఖాల దగ్గరికి వెళ్ళండి. కనుగుడ్డు చివర పెట్టండి.

బొట్టు పడితే ఏం చేయాలి? వెంటనే నిమ్మరసం రుద్దితే నలుపు తగ్గేమాట నిజమే. కానీ అక్కడి కరక్కాయ కూడా దెబ్బతిని, తరవాత వేసే రంగు ఆ చోట మచ్చగా తేలుతుంది. ఏళ్ళ తరబడి రాసేవాళ్ళు చేసే పని వేరు: బొట్టును ముత్యంగానో, మొగ్గగానో, నీళ్ళలో చేపకన్నుగానో మార్చేస్తారు. నేపథ్యంలో అక్కడక్కడా చిన్న పువ్వులు రాసే అలవాటు ఇందుకు బాగా కలిసొస్తుంది.

ఇక ఏనుగు. నల్ల ఏనుగు కదా అని ఒళ్ళంతా కసిం పూస్తే బట్ట పాడవుతుంది, ఆరాక చారలూ కడతాయి. రెండు దారులున్నాయి. ఒకటి, ఒక వంతు కసింకు ఏడెనిమిది వంతుల నీళ్ళు కలిపి మొండి కలంతో ఒకే ఊపులో పూయడం. బూడిదరంగు వస్తుంది, తడి అంచు ఆరకముందే పక్క పూత కలవాలి. రెండోది, ఒళ్ళు తెల్లగానే వదిలి, చెవుల దగ్గర, తొండం మడతల్లో, మోకాళ్ళ దగ్గర సన్నగీతలు దట్టంగా రాయడం. రెండోదే మేలు. ఎర్ర నేపథ్యం మీద తెల్ల ఏనుగు ఎంత దూరానికైనా కనిపిస్తుంది, గీత పనితనమూ తెలుస్తుంది.

పటిక, ఎరుపు

గీతలు ఆరిన మర్నాడు పటిక పని. అర లీటరు గోరువెచ్చటి నీళ్ళలో 50 గ్రాముల పటిక కరిగించండి. పటిక నీళ్ళకు రంగుండదు, ఎక్కడ పూశారో కనిపించదు. అందుకని ఎర్రరంగునిచ్చే మంజిష్ఠ వేరు కషాయం నాలుగు చుక్కలు కలపండి. మొదటి జిరాక్సు చూసుకుంటూ ఎర్రగా ఉండాల్సిన ప్రతిచోటా పూయండి: నేపథ్యం, తామరరేకులు, అంచులో ఒక వరస, లక్ష్మి చీర. బొమ్మ చుట్టుగీత లోపలికి పటిక జరిగితే అక్కడా ఎరుపు వస్తుంది, తరవాత తీయలేరు. గీతకు వెంట్రుకవాసి ఇవతలే ఆగండి, తడి తనంతట తాను గీత దాకా పోతుంది. పూత తప్పిన చోటు తెల్లగా మిగులుతుంది. అందుకే పూర్తయ్యాక బట్టను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి.

కనీసం ఒక రోజు, వానాకాలమైతే రెండు రోజులు ఆరనిచ్చి, పైన మిగిలిన పటికను కడిగేయాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. తొట్టిలో నానబెడితే ఊడిన పటిక నీళ్ళలో కలిసి తెల్లగా ఉండాల్సిన చోట్లకూ అంటుతుంది, మరిగించాక ఏనుగు గులాబీరంగులో బయటికొస్తుంది. పారే నీళ్ళే కావాలి. శ్రీకాళహస్తిలో ఈ పని స్వర్ణముఖి ఒడ్డున సాగిందంటే కారణం అదే. ఏరు లేనివాళ్ళు బట్టను నిలువుగా వేలాడదీసి, పైనుంచి గొట్టంతో ధారగా పది నిమిషాలు నీళ్ళు పట్టండి. మడతలు ఒకదానికొకటి అంటకూడదు.

ఎరుపుకు 100 గ్రాముల మంజిష్ఠ పొడి, 50 గ్రాముల సురుడుచెక్క (ఎరుపునిచ్చే ఒక బెరడు) పొడి. చవలకొడి అనే ఇంకో ఎర్రరంగు మొక్క సరుకు దొరికితే అదీ కొంత కలపండి. రాత్రి నానబెట్టిన పొడులను పది లీటర్ల నీళ్ళలో, రాగి లేదా స్టీలు గంగాళంలో వేయండి. ఇనపపాత్ర వాడితే ఎరుపు ఊదాకూ గోధుమకూ మధ్య చచ్చుపడుతుంది. నీళ్ళు చల్లగా ఉన్నప్పుడే బట్ట వేసి, సన్నని సెగ మీద గంటసేపట్లో మరుగుకు తెచ్చి, ఇంకో అరగంట ఉంచండి. రెండు కర్రలతో ఎడతెగకుండా తిప్పుతూ ఉండాలి. అడుగున ఆగిన మడతలో ఎరుపు ముదురుతుంది. పట్టీ ముక్కను అప్పుడప్పుడు తీసి చూడండి. తడిలో కావలసినదాని కన్నా ఒక పాలు ముదురుగా కనిపిస్తేనే ఆరాక సరిగ్గా ఉంటుంది.

బయటికి తీసిన బట్ట చూసి గాభరా పడకండి. పటిక లేని చోట్లూ మురికి గులాబీగా ఉంటాయి. ఉతికి, మేకపెంటికలైనా ఆవుపేడైనా కలిపిన నీళ్ళలో రాత్రంతా ఉంచి, మర్నాడు ఉతికి గడ్డి మీదో ఇసుక మీదో పరచండి. ఆరేకొద్దీ నీళ్ళు చిలకరిస్తూ రెండు మూడు రోజులు ఎండనివ్వండి. పటిక పట్టిన ఎరుపు కదలదు. మిగతా చోట మరకా, కరక్కాయ పసుపూ రెండూ విడిచి తెలుపు తేలుతుంది. పొడిగా ఎండబెడితే తెలుపు రాదు, తడీ ఎండా రెండూ కలవాలి. వానాకాలంలో ఈ దశకు వచ్చేలా పని పెట్టుకోకండి.

మళ్ళీ పాలు, నీలం, పసుపు

ఇన్ని ఉతుకుల్లో మొదటి పాల కొవ్వు పోయి ఉంటుంది. అర లీటరు పచ్చిపాలలో అంతే నీళ్ళు కలిపి, బట్ట ముంచి, పిండి, నీడలో ఆరబెట్టండి. ఇది మానేస్తే నీలం విష్ణువు ఒంటి మీద నుంచి పక్కనున్న ఎరుపులోకి పాకుతుంది.

శ్రీకాళహస్తిలో చాలామంది పసుపు వేశాక నీలం వేస్తారు. కానీ కింద చెప్పిన సున్నం కలిసే నీలి వాడితే వరస మార్చండి, ఎందుకంటే సున్నం తగిలిన పసుపు గోధుమరంగుకు తిరుగుతుంది. 20 గ్రాముల నీలిమందు పొడిని మెత్తగా నూరి, 40 గ్రాముల పొడిసున్నం, 60 గ్రాముల బెల్లంతో లీటరు వేడినీళ్ళలో కలిపి, మూత పెట్టి వెచ్చగా ఉంచండి. మర్నాటికి పైన రాగిమెరుపున్న పొర, దాని కింద పసుపుపచ్చని నీళ్ళు కనిపించాలి. లోపల కూడా నీలంగానే ఉంటే ఇంకా విరగలేదు, అంటే రాయడానికి సిద్ధం కాలేదు. కాస్త బెల్లం వేసి వెచ్చచేసి మళ్ళీ ఉంచండి. నేతగాళ్ళ పాత పద్ధతిలో ఇదే పనిని తగిరిస అనే మొక్క గింజలతో పులియబెట్టి చేసేవారు, అది వాసనా ఎక్కువే, రోజులూ ఎక్కువే.

ఈ నీళ్ళు గాలి తగిలితే నీలమై పనికిరాకుండా పోతాయి. కాబట్టి చిన్న గిన్నెలోకి రెండు చెంచాల చొప్పున తీసుకోండి, కలం ముంచగానే రాసేయండి. రాసినప్పుడు పచ్చగా ఉండి కళ్ళముందే నీలమవుతుంది. విష్ణువు ముఖం, చేతులు ఒక విడతలో, ఆపకుండా. పావుగంట ఆగి రెండో పూత వేస్తే చాలు. ఒకేసారి చిక్కగా వేసిన నీలం పైపైన నిలిచి ఉతుకులో రాలుతుంది. మడుగును నీలంతో నింపకండి, సన్నని అలల గీతలు రాయండి. మొసలి మీద పలచని పూత. ఎరుపు మీద నీలి చుక్క పడితే అక్కడ ఊదా మచ్చ తేలుతుంది. అయ్యాక నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడించి ఆరబెట్టండి. ఈ జాడింపులో పాల పట్టు తగ్గినట్టనిపిస్తే పట్టీ మీద చూసుకుని, ఇంకోసారి పలచని పాలలో ముంచండి.

పసుపుకు 200 గ్రాముల కరక్కపువ్వు. పేరుకు పువ్వు గానీ, కరక్కాయ చెట్టు ఆకుల మీద పురుగు వల్ల పుట్టే బుడిపె ఇది. కరక్కాయ పొడి ఇచ్చి ఇదే అదని అమ్మితే తీసుకోకండి, చూస్తే తేడా తెలుస్తుంది. రెండు లీటర్ల నీళ్ళలో వేసి లీటరయ్యేదాకా మరిగించి, వడగట్టి, చెంచా పటిక కలపండి. దొరక్కపోతే ఎండు దానిమ్మ తొక్కతోనూ ఇలాగే చేయొచ్చు, కాస్త మందమైన పసుపు వస్తుంది. లక్ష్మి ముఖం, చేతులు, కిరీటాలు, నగలు, విష్ణువు పీతాంబరం, గళ్ళ మధ్య గీతలు, ఇవన్నీ పసుపు. మొసలి మీద ఆరిన నీలం పైన పసుపు వేస్తే ఆకుపచ్చ తేలుతుంది. ముదురు ఆకుపచ్చ కావాలని నీలం ఎక్కువ వేసుంటే పసుపు దాని మీద కనపడదు, అందుకే అక్కడ నీలం పలచగా ఉండాలన్నది. ముత్యాలు, కళ్ళ తెలుపు, ఏనుగు దంతం ముట్టుకోకండి.

ఒక రోజు ఆరాక, లీటరుకు 20 గ్రాములు పటిక కలిపిన నీళ్ళలో రెండు నిమిషాలు ముంచి తీసి, పారే నీళ్ళలో కడిగి, నీడలో ఆరబెట్టండి. నల్లగీత ఎక్కడైనా తేలిపోయి ఉంటే, ముఖ్యంగా కనుబొమల దగ్గర, పలచని కసింతో ఇప్పుడు దిద్దొచ్చు. పసుపు పూసిన చోట దిద్దుగీత బాగా నల్లబడుతుంది, తెల్లటి చోట కరక్కాయ మిగల్లేదు కాబట్టి బూడిదగానే ఉంటుంది.

తరవాత

ఇస్త్రీ వెనకవైపు నుంచి. డిటర్జెంటు, బట్టలసోడా తగలనివ్వొద్దు, ఎరుపు ఊదాకు తిరుగుతుంది. నిమ్మరసం, చింతపండు పులుసు నల్లగీతను తినేస్తాయి. మురికి పట్టినప్పుడు చల్లనీళ్ళలో జాడించడమే మంచిది. రంగుల్లో ముందు వెలిసేది పసుపు. నేరుగా ఎండ పడే గోడకు వేలాడదీస్తే మొసలి మెల్లగా నీలంగా మారుతుంది.

అమ్మదలుచుకుంటే ఒక మాట. శ్రీకాళహస్తి కలంకారీకి 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మచిలీపట్నం అద్దకానికి వేరే గుర్తింపు ఉంది. వేరే ఊళ్ళో రాసిన పటాన్ని శ్రీకాళహస్తి కలంకారీ పేరుతో అమ్మడం కుదరదు. కలంతో, చెట్ల రంగులతో రాసినదని చెప్పి అమ్మండి. నీలానికో పసుపుకో రసాయన రంగు వాడి ఉంటే అదీ చెప్పాలి.

దాచేటప్పుడు మడత పెట్టకండి. ఒకే మడత మీద ఏళ్ళు ఉంటే అక్కడి నల్లగీతలు ముందు తెగుతాయి. పాత తెల్లచీర మధ్యలో పెట్టి లావుపాటి అట్టగొట్టానికి చుట్టండి, బొమ్మ వైపు బయటికి ఉండేలా. గోడకు వేలాడదీసేట్టయితే పై అంచున అదనంగా వదిలిన 5 సెంటీమీటర్ల బట్టను వెనక్కి మడిచి గొట్టంలా కుట్టి, అందులోంచి వెదురు కర్ర దూర్చండి. మేకులు కొడితే బరువంతా రెండు మూడు చోట్లే పడి, అంచు అక్కడ సాగిపోతుంది.